ఆగిపోయిన విదేశీ చదువుని పటంగా గీసుకోవడం ఎలా: మొదటి నుంచి చివరిదాకా

చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం మొక్కుకునేవాళ్ళు 11 ప్రదక్షిణలు చేస్తారు, పని అయ్యాక మళ్ళీ వచ్చి 108 చేసి మొక్కు తీర్చుకుంటారు. పని కానివాళ్ళు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. మన దగ్గర పుట్టుకకీ పెళ్ళికీ చావుకీ ఒక్కో తంతు ఉంది, నలుగురూ వచ్చి కూర్చుంటారు, ఏం మాట్లాడాలో అందరికీ తెలుసు. అడ్మిషన్ వచ్చి, లోన్ శాంక్షన్ అయ్యి, సూట్‌కేసులు కూడా కొన్నాక చదువు ఆగిపోతే అలాంటిదేమీ లేదు. ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవాలి, మర్నాటి నుంచి "అంతా మన మంచికేలే" అనే మాటలు వింటూ జాబ్ సైట్లు తెరవాలి.

కెన్నెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో ఇలాంటి దుఃఖం గురించి రాశాడు. పోగొట్టుకున్నవాడికి అది పెద్ద నష్టమే, చుట్టూ ఉన్నవాళ్ళ లెక్కలో నష్టం కాదు, కాబట్టి బయటికి ఏడవడానికి కూడా వీలుండదు అని. నాకు అమెరికా స్టూడెంట్ వీసా (ఎఫ్-1) ఇంటర్వ్యూలో రిజెక్ట్ అయ్యాక చాలా రోజులు జరిగింది సరిగ్గా ఇదే. ఆ దుఃఖం బయటికి రావడానికి దారి దొరికింది గీయడంలోనే. అందుకే ఈ మార్గదర్శి రాస్తున్నాను. బొమ్మలు బాగా వచ్చినవాళ్ళ కోసం కాదు ఇది. గీత వంకరగా వచ్చినా పని జరుగుతుంది.

మనం చేయబోయేది ఒక పటం. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు మీరు చూసే ఉంటారు, ఎర్రటి నేపథ్యం మీద ఒకదాని కింద ఒకటి గడులుగా బొమ్మలుంటాయి, కథ చెప్పేవాళ్ళు పటాన్ని విప్పుతూ ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడతారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడులకు గౌడ పురాణం, చాకలివారికి మడేల్ పురాణం, ఇలా ఒక్కో కులానికీ తమ కథ తమకు ఉండేది. ఈ రూపమే ఎందుకంటే, విదేశీ చదువు ఆగిపోవడం ఒక్క రోజులో జరిగే పని కాదు. ఏడాదో రెండేళ్ళో నడిచిన కథ అది, ఒకే బొమ్మలో పట్టదు. పటంలో అయితే వరుసగా పెట్టుకుంటూ పోవచ్చు.

మొట్టమొదట: అసలు కాగితాలు దాచేయండి

కోపంలో ఐ-20ని, అంటే వీసా కోసం అమెరికా కాలేజీ పంపిన కాగితాన్ని, చింపి కొలాజ్ చేయాలనిపిస్తుంది. చేయకండి. పాస్‌పోర్ట్ అయితే ముట్టుకోనే కూడదు, అది చట్టప్రకారం భారత ప్రభుత్వ ఆస్తి. అడ్మిషన్ లెటర్, ఫీజు రసీదులు, లోన్ కాగితాలు, మార్కుల మెమోలు, రిజెక్ట్ చేసినప్పుడు ఇచ్చిన స్లిప్, ఇవన్నీ రిఫండ్‌కో, అడ్మిషన్ వాయిదా వేయించుకోవడానికో, మళ్ళీ అప్లై చేయడానికో కావాలి. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ఇంతకుముందు వీసా తిరస్కరించారా అని అడుగుతారు, అప్పుడు తేదీ సహా చెప్పాలి. జీఆర్ఈ స్కోరు 5 ఏళ్ళు చెల్లుతుంది, టోఫెల్ 2 ఏళ్ళు. అన్నిటికీ జిరాక్స్ తీయించి, అసళ్ళు ఫైల్లో పెట్టి అమ్మకో అన్నకో ఇచ్చేయండి. జిరాక్సులు మాత్రం మీ ఇష్టం, చింపండి, అంటించండి, వాటి మీద రంగు పోయండి.

రెండోది: పోయిందేమిటో విడదీయడం

ఈ పనిని తొందరపడి దాటేస్తే తర్వాతదంతా అందమైన అలంకరణగా మిగిలిపోతుంది, కాబట్టి ఇక్కడ నిలబడండి.

వరుసగా 4 రోజులు, రోజుకి 20 నిమిషాలు, ఫోన్‌లో అలారం పెట్టుకుని రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో మొదలుపెట్టిన పద్ధతి ఇది, మనసులో గట్టిగా గుచ్చుకున్న విషయం గురించి ఆపకుండా, తప్పులు దిద్దకుండా, ఎవరికీ చూపించననే నమ్మకంతో రాయడం. మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. అడ్మిషన్ కోసం ఎస్ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాసి రాసి మనకి మన గురించి గొప్పగా, సాఫీగా చెప్పుకోవడం అలవాటైపోయింది. ఆ భాష ఇక్కడ పనికిరాదు.

మొదటి రోజు ఏం జరిగిందో రాయండి. రెండో రోజు, "అక్కడికి వెళ్ళి ఉంటే నాకు దొరికేది" అని మొదలుపెట్టి వచ్చినంత రాయండి. మీరు అనుకున్న జవాబు రాకపోవచ్చు. చాలామందికి డిగ్రీ గురించి రెండు లైన్లే వస్తాయి, ఆ తర్వాత వరదలా వచ్చేది వేరే ఉంటుంది: ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాత్రి పదింటికి బయటికి వెళ్ళగలగడం, నాన్న తన ఆఫీసులో చెప్పుకోవడానికి ఒక మాట, పెళ్ళి సంబంధాల గొడవ నుంచి రెండేళ్ళు ఊపిరి, మంచు, సొంత తాళంచెవి. ఆగిపోయిన చదువు అని ఒకే పేరు పెట్టుకున్న దాంట్లో నాలుగైదు వేరు వేరు నష్టాలుంటాయి. కొన్ని నిజంగానే పోయాయి. కొన్ని ఆ దేశంతో సంబంధం లేనివి. మూడో రోజు వాటిని విడివిడిగా రాసి, ఒక్కోదానికీ ఒక వస్తువుని కేటాయించండి: స్వేచ్ఛకి తాళంచెవి, నాన్న పరువుకి ఆయన చొక్కా జేబులోని పెన్ను, అలా. పటంలో ఇవే గుర్తులుగా మళ్ళీ మళ్ళీ వస్తాయి. నాలుగో రోజు ఎవరి మీద కోపముందో రాయండి, మీ మీదైతే మీ మీదే.

రాసిన రోజు మనసు బరువెక్కుతుంది, అది మామూలే. రాత్రి పడుకునే ముందు మాత్రం రాయకండి.

మూడోది: గుడ్డ తయారీ

కాగితం మీద వేస్తానంటే ఏ3 కార్ట్రిడ్జ్ షీట్లు పొడవుగా అంటించుకుని నేరుగా తర్వాతి పనికి వెళ్ళండి, ఏమీ తప్పులేదు. నాకు మాత్రం గుడ్డే నచ్చుతుంది. దాన్ని తయారు చేయడానికి పట్టే రెండు మూడు రోజులు చేతులకు పని ఉంటుంది, బుర్రకి విశ్రాంతి ఉంటుంది, ఇంటర్వ్యూని మళ్ళీ మళ్ళీ రివైండ్ చేసుకునే మనిషికి ఈ రెండూ కావాలి.

అడుగు వెడల్పు, అయిదడుగుల పొడవున్న కోరా గుడ్డ తీసుకోండి. వేడినీళ్ళలో ఉతికి దాని పాత గంజి వదలగొట్టి ఆరేయండి. ఆరాక చెక్క మీద బిగుతుగా లాగి అంచులకి మేకులు కొట్టి, పల్చటి గంజి పూయండి. అది ఆరేలోపు చింతగింజల జిగురు సంగతి చూడాలి. అరకప్పు గింజలు మూకుడులో వేయిస్తే పైతొక్క పెళుసెక్కుతుంది, దంచితే ఊడిపోతుంది. లోపలి తెల్ల పప్పుని రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి సన్న మంట మీద కలుపుతూ ఉడికించండి. అడుగంటనివ్వకండి. చల్లారాక గుడ్డలో వడకట్టి, అందులో మెత్తటి సుద్ద పొడి కలపండి, దోసెల పిండి కన్నా కాస్త పల్చగా ఉండాలి. జిగురు రెండు మూడు రోజుల్లో పాడైపోతుంది కాబట్టి సరిపడా మాత్రమే చేసుకోండి.

ఈ పూతని వెడల్పాటి బ్రష్‌తో ఒకసారి అడ్డంగా, పూర్తిగా ఆరాక ఒకసారి నిలువుగా, మళ్ళీ ఆరాక ఇంకోసారి వేయండి. మూడు పల్చటి పూతలు చాలు. మందంగా ఒకేసారి పూస్తే చుట్టినప్పుడు పగుళ్ళు వస్తాయి. చివర్లో నున్నటి రాయితోనో, సన్న గరుకు కాగితంతోనో మెల్లగా రుద్దితే వేలికి నునుపు తగులుతుంది. చేర్యాల వాళ్ళ పద్ధతిలో ఇంకా చాలా మెళకువలున్నాయి, ఇది ఇంట్లో చేసుకోగలిగినంత వరకే.

నాలుగోది: గడులు

పైనా కిందా రెండేసి అంగుళాలు వదిలేయండి, మిగిలిన 56 అంగుళాల్లో 8 అంగుళాల చొప్పున 7 గడులు వస్తాయి. నేను సూచించే వరుస ఇది, మీ కథని బట్టి మార్చుకోండి.

మొదటి గడిలో ఆశ మొదలైన చోటు. చాలామందికి అది ఒక ఫోటో: సీనియర్ ఎవరో మంచులో ఎర్ర జాకెట్ వేసుకుని నిలబడ్డ ఫోటో, లేదా అమ్మమ్మగారి ఊళ్ళో పక్కింటివాళ్ళ అబ్బాయి తెచ్చిన చాక్లెట్ డబ్బా. రెండో గడిలో తయారీ, అంటే కోచింగ్ సెంటర్, వొకాబులరీ కార్డులు, కన్సల్టెన్సీ ఏసీ గది. మూడో గడిలో డబ్బు. దీన్ని వదిలేయొద్దు. బ్యాంకులో పెట్టిన బంగారం, తాకట్టు పెట్టిన ఇంటి కాగితాలు, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు రూపాయల్లో ఎంతో కాలిక్యులేటర్‌లో చూసుకున్న క్షణం, అన్నీ బొమ్మలే. నాలుగో గడిలో ఎదురుచూపు: వీసా ఇంటర్వ్యూ స్లాట్లు తెరుచుకున్నాయేమోనని అర్ధరాత్రి రిఫ్రెష్ కొట్టడం, టెలిగ్రామ్ గ్రూపులు, అందరి టెన్షనూ మన టెన్షనూ కలిసిపోవడం.

అయిదో గడి, ఆగిపోయిన క్షణం. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే అందరూ ఇక్కడే ఇరుక్కుంటారు. అమెరికా స్టూడెంట్ వీసా తిరస్కరణల్లో ఎక్కువగా కనబడేది అక్కడి వలస చట్టంలోని 214(బి) సెక్షన్. వీసా అడిగినవాడు అక్కడే స్థిరపడిపోతాడని ముందే అనుకోవాలనీ, కాదని రుజువు చేయాల్సింది ఆ మనిషేననీ ఆ సెక్షన్ చెబుతుంది. చేతికిచ్చే కాగితం ముందే అచ్చు వేసిపెట్టినది, మీరు చెప్పిన ఏ జవాబు తేడా కొట్టిందో అందులో ఉండదు. కారణం తెలియలేదు కాబట్టే బుర్ర తనే కారణాలు తయారు చేస్తుంది: ఆ చొక్కా వేసుకోకుండా ఉండాల్సింది, నాన్న జీతం అడిగినప్పుడు తడబడ్డాను, పక్క కౌంటర్‌లో పడి ఉంటే బాగుండేది. ఈ గడిలో ఆ కారణాలు గీయకండి. కంటికి కనబడింది, చెవికి వినబడింది మాత్రమే గీయండి. అద్దం, మైకు, అద్దం కింద కాగితాలు తోసే సందు, మీ చేతిలో ఎవరూ తెరిచి చూడని లావుపాటి ఫైలు, మీ గోళ్ళు, మీ ముందు నిలబడ్డ అమ్మాయి చెవిదిద్దు. ఆఫీసర్ ముఖం గుర్తులేకపోతే ముఖం లేకుండానే వేయండి, రాక్షసుడిగా మాత్రం వద్దు. రాక్షసుణ్ణి వేస్తే బొమ్మ త్వరగా అయిపోతుంది, మీకు జరిగింది మాత్రం అందులోకి రాదు. పటాల్లో దూరం, దగ్గర అనే లెక్క ఉండదు, ముఖ్యమైనది పెద్దగా ఉంటుంది. ఆ సౌలభ్యాన్ని వాడుకోండి. ఫైలు మనిషి కన్నా పెద్దగా ఉండొచ్చు.

ఆరో గడి, జరగని ఒక రోజు. నా దృష్టిలో పటం మొత్తంలో అతి ముఖ్యమైనది ఇదే, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. అక్కడ మీరు గడపాల్సిన ఒక మామూలు మంగళవారాన్ని గీయండి. గ్రాడ్యుయేషన్ టోపీ, పెద్ద విగ్రహం ముందు ఫోటో వద్దు. మీరు ఇప్పటికే చూసిపెట్టుకున్న అపార్ట్‌మెంట్, వాట్సాప్ గ్రూపులో కుదుర్చుకున్న రూమ్మేట్లు, బస్సు నంబరు, లైబ్రరీలో ఏ కిటికీ పక్కన కూర్చోవాలనుకున్నారో అది, 23 కిలోల పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుని తీసుకెళ్ళాల్సిన ఆవకాయ సీసా అక్కడి స్టవ్ పక్కన ఎలా ఉండేదో అది. ఈ గడిని గీతల్లోనే ఉంచండి, లోపల రంగు నింపకండి. చుట్టూ రంగుల గడులుండి ఇదొక్కటీ ఖాళీ గీతలుగా ఉంటే, అది జరగలేదన్న సంగతి కళ్ళకి కనబడుతుంది, దాని కోసం దుఃఖపడటానికి ఒక చోటు దొరుకుతుంది. ఇది గీస్తూ ఏడుపొస్తే ఏడవండి. గుడ్డ మీద తడి పడకుండా జరగండి, అంతే.

ఏడో గడి, మీరు ఇప్పుడున్న గది. ఉన్నది ఉన్నట్టు. మంచం కింద ట్యాగులు తీయని సూట్‌కేసు ఉంటే అది కూడా. ఇక్కడ ఉదయించే సూర్యుణ్ణి, ఎగిరే పక్షిని, మెట్లెక్కే మనిషిని పెట్టాలనిపిస్తుంది, చూసేవాళ్ళు కూడా అదే కోరతారు. మీకు నిజంగా ఆ ఉదయం వచ్చి ఉంటే వేయండి. రాకపోతే లేదు.

అయిదోది: గీత, రంగు

మొదటి గీతకి పెన్సిల్ కన్నా బొగ్గు మంచిది, తప్పు పోతే గుడ్డతో దులిపేయొచ్చు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు చింతపుల్లల్ని కాల్చిన బొగ్గుతో మొదటి గీతలు గీస్తారు. మీరు బజార్లో దొరికే చార్‌కోల్ స్టిక్ వాడుకోవచ్చు. గీత కుదిరాక ముందు నేపథ్యం నింపండి, చేర్యాల పటంలో లాగా ఎరుపైనా సరే, మీ గది గోడ రంగైనా సరే. తర్వాత మనుషులు, వస్తువులు, అన్నిటికన్నా చివర సన్న బ్రష్‌తో నల్ల గీత. పోస్టర్ కలర్స్ చాలు. జిరాక్స్ ముక్కలు అంటించాలంటే ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి పల్చగా వాడండి, గట్టిగా ఉంటే చుట్టేటప్పుడు అంచులు లేస్తాయి.

కూర్చున్న ప్రతిసారీ 45 నిమిషాలు పెట్టుకోండి. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, 45 నిమిషాలు బొమ్మలు వేసిన 39 మందిలో దాదాపు 75 శాతం మందికి ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గింది. బొమ్మలు వేసిన అనుభవం ఉందా లేదా అన్నదానితో తేడా రాలేదు. చిన్న అధ్యయనమే, అయినా సమయం లెక్కకి అది నాకు సరిగ్గా సరిపోయింది.

మీ కథ వీసా కథ కాకపోతే

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై ఉక్రెయిన్ నుంచి మెడికల్ చదువు మధ్యలో వచ్చేసినవాళ్ళున్నారు. 2020లో సెలవులకని చైనా నుంచి వచ్చి రెండేళ్ళకు పైగా తిరిగి వెళ్ళలేక ఆన్‌లైన్‌లో ఎంబీబీఎస్ చదివినవాళ్ళున్నారు. 2025 ఏప్రిల్‌లో అమెరికాలో ఉన్నట్టుండి సెవిస్ రికార్డులు రద్దయి, భయపడి వచ్చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో మీరూ ఒకరైతే ఊహలోని రోజు గీయక్కర్లేదు, మీకు నిజమైన వీధులున్నాయి. ఆరో గడిలో మ్యాప్ గీయండి: హాస్టల్ నుంచి కాలేజీకి దారి, ఏ మలుపులో కుక్క ఉండేది, ఏ కొట్టువాడు పేరు పెట్టి పిలిచేవాడు. గూగుల్ మ్యాప్స్ చూడకుండా గీయండి, గుర్తున్నదే మీది. అక్కడ వదిలేసి వచ్చిన సామాన్ల జాబితా అంచు చుట్టూ రాయండి.

డబ్బు వల్ల ఆగినవాళ్ళకి, నాన్నకి ఒంట్లో బాలేక ఆగినవాళ్ళకి మూడో గడే పెద్దదవుతుంది, రెండు గడుల చోటు ఇవ్వండి. ఇంట్లోవాళ్ళే వద్దన్న అమ్మాయిలకి ఇది ఇంకా కష్టం, ఆపినవాళ్ళతోనే రోజూ కలిసి భోంచేయాలి. అలాంటప్పుడు పెద్ద పటం బదులు దుప్పటి కింద దాచుకోగలిగే చిన్న నోటుబుక్కులో, పేజీకో గడిగా వేయండి. పాత చున్నీ, చీర ముక్కలతో బొంత కుట్టినా బాగుంటుంది, బొంత కుడుతుంటే ఎవరూ ఏమిటని అడగరు.

ఇంట్లోవాళ్ళకి చూపించడం

వెంటనే వద్దు. చూపించేటప్పుడు ముందే ఒక మాట చెప్పండి: "నాన్నా, ఇది చూడు, సలహా ఏమీ చెప్పకు, నీకేం కనబడిందో అది చెప్పు చాలు." ఎక్కువమంది నాన్నలు మూడో గడి దగ్గర ఆగిపోతారు. వాళ్ళది కూడా పోయింది ఇందులో, దాని గురించి ఎవరూ వాళ్ళని అడగలేదు. వాళ్ళు మాట్లాడితే వినండి, వాదించకండి. అమ్మ ఒక పక్క అంచు కుడతానంటే కుట్టనివ్వండి. పెళ్ళిళ్ళలో "వీసా వచ్చిందా?" అని అడిగే బంధువులకి మాత్రం పటం చూపించాల్సిన పని లేదు, "లేదండీ, ఇక్కడే ఉన్నా" అంటే సరిపోతుంది.

ఎప్పుడు ఆపాలి

గీసి లేచాక మనసు కాస్త తేలికైనా, అలసిపోయినా పర్వాలేదు. గీసిన ప్రతిసారీ ఊపిరి ఆడనట్టు అవుతుంటే, రెండు వారాలుగా నిద్రా తిండీ లేకపోతే, బతకడమెందుకు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, పటం పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్, రోజంతా ఉంటుంది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. లోన్ భారం, పరువు భారం కలిసి మన పిల్లలు ఎంత దూరం వెళ్ళిపోగలరో మనకి తెలుసు కాబట్టి ఇది చాలా గట్టిగా చెబుతున్నాను.

దాచడం, బయట పెట్టడం

పటం పూర్తిగా ఆరాక రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి అట్ట గొట్టానికి వదులుగా చుట్టండి. రంగు లోపలికి పెట్టి బిగించి చుడితే పూత నలిగి రాలుతుంది. పైన ఉతికిన నూలు గుడ్డ కప్పండి, ప్లాస్టిక్ కవరు వద్దు, వానాకాలంలో బూజు పడుతుంది. నేల మీద కాకుండా బీరువా పై అరలో పెట్టండి, మధ్య మధ్య తీసి నీడలో ఆరబెట్టండి.

ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ముందు రెండు విషయాలు చూసుకోండి. అంటించిన జిరాక్సుల్లో పాస్‌పోర్ట్ నంబర్, సెవిస్ నంబర్, పుట్టిన తేదీ కనబడుతుంటే వాటి మీద రంగు వేయండి, ఫోటోలో బ్లర్ చేస్తే సరిపోదు. రెండోది, మళ్ళీ అమెరికాకి అప్లై చేసే ఆలోచన ఉంటే, 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్ళని తమ సోషల్ మీడియా ఖాతాల్ని పబ్లిక్‌లో ఉంచమని అక్కడి అధికారులు అడుగుతున్నారు. మీ బొమ్మ మీ హక్కు, భయపడి అబద్ధంగా గీయమని నేను అనను. ఏది ఇంట్లో ఉండాలో, ఏది ఫోన్‌లోకి ఎక్కాలో మాత్రం కోపం చల్లారాక, కనీసం ఒక నెల ఆగి నిర్ణయించుకోండి.